అప్పుడే అనుకున్నాం కదా

తడి దుప్పటి తీగ మీద వెయ్యబోతే ఆమె ఎడమ చెయ్యి భుజం దాకా లేచి అక్కడే ఆగిపోయింది. నొప్పి కాదు, బరువు. ఎవరో మోచెయ్యి పట్టుకుని కిందికి లాగుతున్నట్టుంది. కుడి చేత్తో ఒక కొసని తీగ మీదికి విసిరి, రెండో కొసని పళ్ళతో పట్టి లాగి, మొత్తానికి ఆరేసింది. వరండాలో పేపరు చదువుకుంటున్న భర్త ఆ సర్కస్ అంతా చూశాడు. "మెల్లగా వెయ్యొచ్చు కదా, ఏం తొందరొచ్చిందిప్పుడు" అన్నాడు. ఇలాంటి మంచి మాటలకి ఆయన ఎప్పుడూ లోటు చెయ్యడు. లేచి దుప్పటి రెండో కొస పట్టుకోవచ్చన్న ఊహ మాత్రం ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకి తట్టలేదు.

లోపలికొచ్చి, మెడ దగ్గర బట్ట పక్కకి జరిపి అద్దంలో చూసుకుంది. ఎడమవైపు మెడ ఎముక కింద అగ్గిపెట్టెంత ఉబ్బు ఒకటి ఎప్పట్నుంచో ఉంది. ఇవాళ దాని మీది చర్మం ఎర్రగా కమిలిపోయి, వేలు పెడితే వెచ్చగా తగిలింది. ఆ ఉబ్బు కింద మిషనుంది. కూతురు పుట్టిన కొత్తల్లో ఆమె నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పడిపోతుంటే, గుండె కొట్టుకోవడం మరిచిపోతోందని చెప్పి అది పెట్టారు. అందులోంచి ఒక తీగ రక్తనాళం వెంబడి గుండెలోకి దిగుతుంది. గుండె పరాకు పడ్డప్పుడల్లా ఆ తీగ గిల్లి లేపుతుంది. మధ్యలో ఒకసారి తీగ తెగితే కొత్తది వేశారు. బ్యాటరీ అయితే చాలాసార్లే మార్చారు, ఆఖరిసారి మార్చి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ కూతురు ఇప్పుడు పెళ్ళయి వేరే ఊళ్ళో కాపురముంటోంది.

అప్పట్నుంచీ ఆమె అసలు పేరు మూలపడింది. హోటల్ లాండ్రీలో తోటివాళ్ళకి ఆమె బ్యాటరీ అక్క. ఇంటికెవరొచ్చినా అత్తగారు "మాది కరెంటు కోడలండీ" అని పరిచయం చేస్తుంది. వంట కాస్త ఆలస్యమైతే భర్త "ఏంటివాళ చార్జింగ్ తగ్గిందా" అంటాడు. అందరూ నవ్వుతారు. ఆమే అందరికంటే ముందు నవ్వుతుంది, ఎందుకంటే నవ్వకపోతే ఉడుక్కుందంటారు. ఆ ఎరుపు చూసి భర్త చెమట పొక్కులేమో పౌడరు రాసుకోమన్నాడు. అత్తగారు తడిగుడ్డ వెయ్యమంది. ఎవరి మాటా తీసెయ్యకుండా పగలు పౌడరు రాసుకుంది, సాయంత్రం తడిగుడ్డ వేసుకుంది. ఎరుపు తన మానాన తను పెరిగింది.

జ్వరం మొదటిసారి లాండ్రీలో వచ్చింది. అక్కడ ఎండాకాలం చలికాలం ఒకటే. పెద్ద పెద్ద డ్రమ్ముల్లోంచి దుప్పట్లు పొగలు కక్కుతూ బయటికొస్తాయి. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి, చెరో రెండు కొసలూ పట్టుకుని, ఒకరి వైపు ఒకరు నడుస్తూ మడత పెడతారు. చెయ్యి లేవడం లేదని ఆమెని దుప్పట్ల దగ్గర్నుంచి దిండు గలీబుల దగ్గరికి మార్చారు. అక్కడ అందరూ చెమటలు తుడుచుకుంటుంటే ఆమెకి పళ్ళు టకటకలాడాయి. అంత వేడిలో చలేమిటని ఆమెకే భయమేసింది. సూపర్వైజరమ్మ నుదురు తాకి చూసి, సెలవు పెట్టుకోమంది, కానీ నీ పని ఎవరు చేస్తారో నువ్వే మాట్లాడి పెట్టి వెళ్ళమంది. వణికే చేతులతో నలుగురినీ బతిమాలి, తన గలీబుల గుట్టని ముగ్గురికి పంచి, అప్పుడు బయటపడింది. జ్వరం మాత్రతో తగ్గింది. నాలుగు రోజులు పోయాక మళ్ళీ వచ్చింది.

మొత్తానికి పెద్దాసుపత్రికి వెళ్ళారు. గుండె డాక్టరు ఆడమనిషే కావడంతో ఆమెకి కాస్త ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం ఎంతోసేపు నిలవలేదు. డాక్టరమ్మ ఉబ్బుని వేలితో నొక్కి చూసింది, ఎక్స్‌రే తీయించింది, దాన్ని వెలుగులో పెట్టి, ఆమె భర్త వైపు తిరిగి మొదలుపెట్టింది. "పాకెట్ పాడైందండీ" అంది. ఆయన చెయ్యి చటుక్కున తన చొక్కా జేబు మీదికి వెళ్ళింది. మిషను కూర్చునే చోటుని పాకెట్ అంటారని డాక్టరమ్మ చెప్పాక చెయ్యి దించాడు. ఇంకో రోజైతే ఆమెకి నవ్వొచ్చేదే.

"క్రిములు మిషను దగ్గరే ఆగలేదు, తీగల వెంట లోపలికి పోతున్నాయి. మొత్తం తీసెయ్యాలి. ఒక తీగైతే కాస్త తేలిక. ఈవిడకి పాతది కూడా ఉంది కదా" అంది డాక్టరమ్మ.

పాతదేమిటో ఆమెకి అర్థం కాలేదు. ఎక్స్‌రే వైపు చూసింది. పక్కటెముకల మసక మధ్యలో తెల్లటి గీతలు రెండు, ఒకదాన్నొకటి పెనవేసుకుంటూ గుండెలోకి దిగుతున్నాయి. ఒకటి మిషనుకి తగిలించి ఉంది. రెండోదాని పై కొస దేనికీ అంటకుండా ఊరికే వేలాడుతోంది. తెగిన తీగ తీసేసి కొత్తది వేశారనే ఆమె ఇన్నేళ్ళూ అనుకుంటోంది. అడిగినవాళ్ళకీ అలాగే చెప్పింది. "పాతది తీసెయ్యలేదా" అని అడిగింది.

డాక్టరమ్మ అప్పుడు ఆమె వైపు చూసింది. "మీకు తెలీదా?"

భర్త కుర్చీలో కాస్త సర్దుకున్నాడు. "అదేంటే, మనం అప్పుడే అనుకున్నాం కదా, వదిలేద్దామని" అన్నాడు.

మనం. ఆ మాట దగ్గర ఆమె ఆగిపోయింది. వాళ్ళింట్లో మేం ఒకటి, మనం ఒకటి. స్థలం కొనాలని మేం అనుకున్నాం. అమ్మాయికి ఆ సంబంధమే ఖాయం చెయ్యాలని మేం అనుకున్నాం. మేం అంటే ఆయనా, వాళ్ళమ్మా. ఆ మాట వినేసరికి సంగతి అయిపోయి ఉంటుంది, ఆమెకి మిగిలేది కాఫీ కప్పులు కడగడం. ఇంటికి పదిమంది చుట్టాలు దిగినప్పుడు మాత్రం మనం చూసుకోవాలి కదా అంటాడు. అత్తగారికి కాలు విరిగినప్పుడు మనమే చెయ్యాలి కదా అన్నాడు. ఆ మనంలో ఉండేది ఆమె ఒక్కతే. నిర్ణయాలకి మేం, చాకిరీకి మనం. ఆ లెక్క ఆమెకి ఎన్నడో అర్థమైపోయింది, అలవాటూ అయిపోయింది. ఒక నిర్ణయానికి ఆయన నోట మనం రావడం ఇదే మొదటిసారి. అది ఆమె గుండెలో తీగ వదిలెయ్యాలన్న నిర్ణయం. ఆ రోజు ఆమె బల్ల మీద మత్తులో పడి ఉంది.

డాక్టరమ్మ ఇబ్బందిగా కదిలి, అప్పుడు వదిలెయ్యడం తప్పేం కాదని, చాలామంది డాక్టర్లు అలాగే చేస్తారని చెప్పింది. ఇప్పుడు మాత్రం వదలడానికి లేదంది. ఏళ్ళు గడిచేకొద్దీ తీగ చుట్టూ కండ పెరిగి, రక్తనాళం గోడకీ గుండె గోడకీ అతుక్కుపోతుందట. ఒక్కో చోటే విడదీసుకుంటూ లాగాలట. లాగేటప్పుడు నాళం చిరగొచ్చు, గుండే చిరగొచ్చు. అందుకని ఛాతీ కోసే సర్జను పక్కనే సిద్ధంగా ఉంటాడట. ఈవిడ గుండె మిషను లేకుండా కాసేపు కూడా నడవదు కాబట్టి, మెడలోంచి ఇంకో తీగ వేసి, మిషను బయట పెట్టి, క్రిములు పోయాక కుడివైపు కొత్తది అమరుస్తారట. ఒకే నాళంలో రెండు తీగలు ఇరుక్కుని దారి మూసుకుపోవడం వల్లనే చెయ్యి బరువెక్కిందట. ఉత్త మందులతో జ్వరం తగ్గుతుంది, తీగలకి పట్టిన క్రిములు పోవు. ఈవిడ, ఈవిడ అంటూ అంతా ఆయనకే చెప్పింది. ఆయన తలూపుతూ విన్నాడు.

"సరే మేడమ్, మేం ఇంట్లో మాట్లాడుకుని చెప్తాం" అన్నాడు. అదే కుర్చీలో కూర్చుని మనంలోంచి మళ్ళీ మేంలోకి వెళ్ళిపోయాడు.

బస్సులో కిటికీ పక్క సీటు ఆమెకిచ్చాడు. ఆమె ఒక్కటే అడిగింది, నాకెందుకు చెప్పలేదని. భయపడతావని చెప్పలేదన్నాడు. కాసేపయ్యాక, ఇన్నేళ్ళూ నీ బదులు నేనే భయపడ్డానన్నాడు. ఆ మాట ఆయన నిజంగానే అన్నాడు. ఆమె మనసు ఒక క్షణం కరిగింది కూడా. పడుకున్న మరుక్షణం ఇల్లు అదిరేలా గురక పెట్టే మనిషి ఆ భయం ఏ వేళ పడ్డాడో ఆమెకి తెలీలేదు. అంతలోనే ఇంకోటి గుర్తొచ్చింది. ఒకసారి నడుం నొప్పికి పెద్ద అయస్కాంతం మిషనులో పెట్టి స్కాన్ తీయాలని, గుండెకి మిషనున్నా పరవాలేదని అక్కడి డాక్టరంటే, ఆయన వద్దంటే వద్దని పట్టుబట్టి ఇంటికి తీసుకొచ్చేశాడు. తన నొప్పంటే ఎంత అలుసో అని ఆమె ఆ రోజు వంటగదిలో ఏడ్చింది. లోపల వదిలేసిన తీగ ఉన్నవాళ్ళకి ఆ స్కాన్ ప్రమాదమని ఇందాక డాక్టరమ్మ అంది. అది ఆయనకి ముందే తెలుసన్నమాట. అంటే ఆయన ఆ రోజు ఆమెని కాపాడాడు, కాపాడినట్టు ఆమెకి తెలియనివ్వకుండా. దణ్ణం పెట్టాలో తిట్టిపొయ్యాలో తెలీక ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

అత్తగారిలో మాత్రం దాపరికం లేదు. కూరలు తరుగుతూ, అడగ్గానే చెప్పేసింది. "అప్పుడు మీ ఆడపడుచుకి నెలలు నిండాయి కదా అమ్మాయ్. పాతది కూడా లాగాలంటే దూరం తీసుకెళ్ళాలన్నారు, నెల్లాళ్ళు మంచం దిగకూడదన్నారు. నువ్వు మంచమెక్కితే పురిటి మనిషిని ఎవరు చూస్తారు? ఉంటే ఉండనివ్వరా, అదేమైనా తిండి పెట్టమంటుందా అని నేనే అన్నాను." ఆ తరవాత వంకాయ ముక్కలు నీళ్ళలో వేసి, ఇన్నేళ్ళు ఊరుకున్నది ఇంకొన్నాళ్ళు ఊరుకోదా, కదిపి కష్టం తెచ్చుకోవడమెందుకు అంది.

ఆ పురుడు ఆమెకి బాగా గుర్తుంది. కుట్లు ఇంకా మానకముందే, ఎడమ చెయ్యి పైకెత్తకూడదని డాక్టరు చెప్పినా, ఒక్క చేత్తో పసిగుడ్డుకి నీళ్ళు పోసింది. రోజూ బకెట్టుడు గుడ్డలుతికింది. వచ్చినవాళ్ళందరి ముందూ అత్తగారు కోడలంటే మా కోడలు, బంగారం అంది. ఆ ఒక్క మాటని ఆమె ఇన్నేళ్ళూ లోపల దాచుకుంది. ఎవరేమన్నా, ఎవరు నవ్వినా, నన్నొకసారి బంగారమన్నారులే అని తీసి చూసుకునేది. ఆ బంగారం కోసం తన గుండెలో ఒక తెగిన ముక్కని వదిలేశారని ఇప్పుడు తెలిసింది. తీగ ఉందన్న దానికంటే, తను అంత సంబరపడిందన్నది ఆమెని ఎక్కువ కాల్చింది.

అప్పట్నుంచీ ఆమెకి భయం ఒక పనైపోయింది. గిన్నెలు తోముతుంటే లోపల ఏదో తగులుతున్నట్టుండేది. వంగితే గుచ్చుకుంటుందేమో, గట్టిగా తుమ్మితే ఎక్కడైనా చిరుగుతుందేమో. ఇన్నేళ్ళూ దానితోనే వంగింది, తుమ్మింది, నీళ్ళ బిందెలు మోసింది. తెలీనప్పుడు లేని నొప్పి తెలిశాక ఎక్కడెక్కడో పుట్టింది. రెండు వేళ్ళు గొంతు పక్కన పెట్టుకుని నాడి చూసుకోవడం అలవాటైంది. లాండ్రీలో దుప్పటి అంచున ఊడిన దారం లాగితే బట్టంతా ముడుచుకుపోతుంది, తన గుండెని అలా లాగితే ఏమవుతుందోనని గలీబు పట్టుకుని నిలబడిపోయేది. అందుకే భర్త ఆపరేషన్ వద్దు, మందులు వాడి చూద్దామని అన్నప్పుడు, నిజం చెప్పాలంటే, ఆమెకి ప్రాణం లేచొచ్చింది. వద్దన్నది ఆయనే కాబట్టి తను పిరికిదాన్నని ఒప్పుకునే పని కూడా తప్పింది. కానీ డాక్టరమ్మ చెప్పినట్టే, మందులతో తగ్గిన జ్వరం మందులు ఆపగానే మళ్ళీ వచ్చింది. ఈసారి వణుకుతో మంచం కోళ్ళు చప్పుడు చేశాయి. భర్త ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ ఆమె మీద కప్పి, పక్కన కూర్చుని, ఏం చెయ్యాలో తెలీక ఆమె పాదాలు రుద్దాడు. ఆయన ముఖంలో రక్తం లేదు. అయినా పొద్దున్నకి మళ్ళీ మందుల మాటే ఎత్తాడు.

ఆ వారంలోనే కూతురు ఫోన్ చేసింది. ముందు నాన్నతో చాలాసేపు మాట్లాడి, తరవాత అమ్మకివ్వమంది. "ఆపరేషన్ వద్దనుకున్నారటగా అమ్మా, నాన్న చెప్పారు. మంచిదేలే, వింటేనే నాకు కాళ్ళు వణికాయి" అంది.

వద్దనుకున్నారట. ఎవరు అనుకున్నారని ఆమె అడగలేదు. పిల్ల మనసులో ఆ మాటలో అమ్మ కూడా ఉంది. రేపు తనకేమైనా అయితే, అమ్మే వద్దనుకుంది పాపం అని ఆ పిల్ల తన పిల్లలకి చెప్తుంది. ఆమె నోట ఒక్క మాటా రాకుండా ఆమె పేరు మీద ఇంకో నిర్ణయం జరిగిపోయింది, అప్పుడే ఊళ్ళు కూడా దాటింది. కూతురు ఏం తిన్నావు అని అడుగుతుంటే ఏదో చెప్పి ఫోన్ పెట్టేసింది.

తరవాత రెండు రోజులకి, లాండ్రీలో, ఉబ్బు దగ్గర తడిగా అనిపించింది. చెమటనుకుంది. చేతులు కడుక్కునే చోట అద్దం ముందు బట్ట పక్కకి తీసి చూస్తే, ఎర్రటి చర్మం మధ్యలో, పల్చబడి పల్చబడి కాగితమైపోయిన చోట, చిన్న చీలిక పడింది. దానిలోంచి ఏదో మెరిసింది. ఆమె అద్దానికి దగ్గరగా వంగింది. మిషను. ఇన్నేళ్ళూ తన లోపల ఉన్నది తన వైపు బయటికి చూస్తోంది. కుళాయి పట్టుకుని నిలబడింది. ఆ నిమిషంలో ఆమెకి ఇంట్లో ఎవరి ముఖమూ గుర్తు రాలేదు. చావు మాత్రం చాలా దగ్గరగా, ఆ అద్దమంత దగ్గరగా కనిపించింది.

ఉతికిన గలీబు ఒకటి తీసి మడిచి దాని మీద అదిమి పెట్టుకుంది. షిఫ్టు అయ్యేదాకా ఆగలేవా, నీ గుట్ట అలాగే ఉంది కదా అంది సూపర్వైజరమ్మ. ఎవరినీ బతిమాలకుండా, గుట్టని గుట్టలాగే వదిలేసి, ఆమె రోడ్డు మీదికొచ్చింది. బస్సులో కుదుపొచ్చినప్పుడల్లా గలీబుని ఇంకాస్త గట్టిగా అదిమింది. ఆసుపత్రి మెట్ల దగ్గర నిలబడి భర్తకి ఫోన్ చేసింది. సంగతంతా విని, నేనొచ్చేదాకా దేనికీ ఒప్పుకోవద్దన్నాడు. అమ్మతో ఒక మాట అనుకుని ఇద్దరం బయల్దేరతామన్నాడు. ఆమె సరే రండి అని, లోపలికి నడిచింది.

డాక్టరమ్మ గలీబు తీసి చూసింది. ఇవాళే చేర్చుకోవాలని, రేపు పొద్దున్నే తీసెయ్యాలని నర్సుకి చెప్పి, మీవారేరని తలుపు వైపు చూసింది.

"వస్తున్నారు. నాకు చెప్పండి" అంది ఆమె.

"ఆయన వచ్చాక ఇద్దరికీ..."

"నాకు చెప్పండి. చచ్చిపోతానా?"

డాక్టరమ్మ కుర్చీ ముందుకి లాక్కుని ఆమెకి ఎదురుగా కూర్చుంది. "చచ్చిపోయే అవకాశం ఉంది. తక్కువే, కానీ ఉంది. ఇలాగే వదిలేస్తే చాలా ఎక్కువ" అంది. ఆ మాటని ఎవరూ ఇంత సూటిగా ఆమె కళ్ళలోకి చూసి చెప్పలేదు. తను భయపడుతుందని ఇంట్లోవాళ్ళు ఇన్నేళ్ళు దాచిన భయం మొత్తం ఒకేసారి వచ్చి మీద కూర్చుంది. ఆమె గొంతు పక్కన వేళ్ళు పెట్టుకుంది. కొట్టుకుంటోంది. ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. ఎక్కడ చిరగొచ్చు, చిరిగితే ఎంతసేపట్లో తెలుస్తుంది, ఛాతీ ఎక్కడ కోస్తారు, మెడలో వేసే తీగ జారిపోతే ఏం చేస్తారు, అన్నీ అడిగింది. డాక్టరమ్మ దేనికీ విసుక్కోలేదు. కొన్నింటికి నాకూ తెలీదని చెప్పింది. వింటున్న కొద్దీ భయం పెరుగుతున్నా అడుగుతూనే ఉంది.

"తీసెయ్యండి, రెండూ" అంది చివరికి.

బయట వరండాలో భర్త గొంతు వినిపించింది. మేం ఇంకా ఏమీ అనుకోలేదు, ఎవరడిగి చేర్చుకున్నారని నర్సుతో అంటున్నాడు. వెనక అత్తగారి ఆయాసం కూడా వినిపిస్తోంది. డాక్టరమ్మ లేచి నిలబడి, కంగారు పడకండి, నేను మాట్లాడతాను, రేపు అవగానే నేనే స్వయంగా బయటికొచ్చి ఏం తీశామో, ఏమైనా మిగిలిందో మీవారికి చెప్తానంది.

"వద్దు" అంది ఆమె.

డాక్టరమ్మ తలుపు దగ్గర ఆగింది.

"నేను కళ్ళు తెరిచేదాకా ఆగండి. ముందు నాకు చెప్పండి. ఆయనకి నేను చెప్తాను."